స్త్రీల చెఱసాల - నియమములు, దినచర్య

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, వారి మనస్సులో నున్నది మన ఊరి దేవాలయ శాసనమో, చెరువు కట్ట చరిత్రమో అయియుండును. నేను స్త్రీల చెఱసాలను గూర్చి వ్రాయుదుననగా వారు కొంచెము తటపటాయించిరి. పండుగ సంచికలో చెఱసాల యేమిటని వారి సందేహము. అయినను కాదనలేదు. అందులకు వారికి కృతజ్ఞుడను.

ఈ విషయము నన్ను పట్టుకొనుటకు కారణములు రెండు. మన గ్రంథాలయములో కారాగార జ్ఞాపకములను వ్రాసిన పుస్తకములు ఒక అరకు సరిపడ నున్నవి. అందులో స్త్రీలు వ్రాసినవి వ్రేళ్లపై లెక్కింపవచ్చును. చెఱకు పోయిన స్త్రీలు తక్కువయా, వ్రాసినవారు తక్కువయా యని యోచింపగా, రెండవదియే నిజమని తోచినది. ఇక రెండవ కారణము మన ఊరి స్త్రీ యొకతె. ఆమె సంగతి ముందు వచ్చును.

నేను పండితుడను కాను. మా తండ్రిగారి కాలమున, 1984లో, కరణీకములు రద్దయినను, నేనును గ్రామ లెక్కలలోనే కొలువు చేయుచుండుటచే ఊరివారు నన్ను ఇప్పటికిని కరణముగారనియే పిలుతురు. సంస్కృతము, ప్రాచీన కావ్యములు నాకు నేనుగా, రాత్రులందు, తప్పులతో నేర్చుకొన్నవి. కనుక నా వ్యాఖ్యలో దోషమున్నచో పెద్దలు మన్నింతురు గాక. అంకెలలో మాత్రము దోషముండదు.

మన దేశపు గ్రంథములలో చెఱసాల కట్టడమును గూర్చి నియమము చెప్పినది కౌటిల్యుని అర్థశాస్త్రము. పేరు మాత్రమే మిగిలిన ఆ గ్రంథపు తాళపత్ర ప్రతిని మైసూరులో శామశాస్త్రిగారు 1905లో గుర్తించి 1909లో ముద్రించిరి. అందు రెండవ అధికరణములో, సన్నిధాత కట్టింపవలసిన కట్టడముల వరుసలో, కోశగృహము, ధాన్యపు కొట్టారము మొదలగు వాని తరువాత బంధనాగారము వచ్చును. స్త్రీలకును పురుషులకును వేఱువేఱు తావులుండవలెననియు, గదులకు గట్టి కాపుండవలెననియు ఆయన విధించెను. నాలుగవ అధికరణములో ఇంకను సూక్ష్మమైన మాట యున్నది. నిర్బంధములో నున్నవారికి పడక, ఆసనము, భోజనము, మలవిసర్జనము, నడకయు నిరోధించిన యధికారికి మూడు పణములు మొదలుకొని హెచ్చుచు పోవు జరిమానా. చేసినవానికే కాదు, చేయించినవానికిని అంతియే. రెండు వేల యేండ్ల క్రిందటి వాడు మఱుగుదొడ్డిని గూర్చి కూడ శాసనము వ్రాసెనే యని నేను ఆశ్చర్యపడితిని.

అయితే దాని ప్రక్కనే ఇంకొక సూత్రమున్నది. చెఱలోని స్త్రీకి మానభంగము చేసిన యధికారికి దండనము చెప్పుచు, ఆమె దాసి యైనచో ఒక మెట్టు, దొంగ భార్య యైనచో అంతకు పైమెట్టు, ఆర్యస్త్రీ యైనచో అన్నిటికంటె పైమెట్టు అని విభజించెను. నేరమొకటే, గది యొకటే, తాళమొకటే. స్త్రీ యెవరన్నదానిని బట్టి వెల మారినది. ఈ తరగతుల బుద్ధి కౌటిల్యునితో పోలేదని ముందు చూతము.

ఇక్కడ ఒక్క మాట. సుందరకాండ పారాయణము చేయువారికి తెలియును, రావణుడు సీతమ్మకు కాపు పెట్టినది రాక్షస స్త్రీలను. అశోకవనములో భయపెట్టినవారు స్త్రీలే, త్రిజట రూపమున ఊరట పలికినదియు స్త్రీయే. లంకలో నున్న ఆ కనీసపు మర్యాద 1813వ సంవత్సరమున లండను మహానగరములో లేకపోయెను. స్త్రీల గదుల తాళపు చెవులు అక్కడ మగ కావలివారి చేతులలో నుండెను.

ఆ 1813వ సంవత్సరముననే ఎలిజబెత్ ఫ్రై అను నామె లండనులోని న్యూగేటు చెఱసాలకు మొదటిసారి పోయినది. ఈమె 1780లో జన్మించినది, క్వేకరు మతశాఖకు చెందినది, పిల్లలు గల సంసారి. స్టీఫెన్ గ్రెలెట్ అను మిత్రుడు అక్కడి స్థితి చూచి వచ్చి చెప్పగా, పసిపిల్లలకు బట్టలు తీసికొని పోయెను. అక్కడ సుమారు 300 మంది స్త్రీలు, వారి పిల్లలతో గూడ, కొలది గదులలో క్రిక్కిరిసి యుండిరి. శిక్ష పడినవారు, విచారణ కానివారు, ఉరిశిక్షకు ఎదురుచూచువారు అందఱొక్కచోటనే. వండుకొనుటయు, బట్టలుదుకుకొనుటయు, పరుండుటయు ఒకే నేలపైన. పడకలు లేవు. డబ్బున్నవారికి సారాయి దొరకెడిది.

తరువాత కొన్నియేండ్లు ఆమె కుటుంబపు చిక్కులలో పడి తిరిగి పోలేకపోయినది. 1816 సంవత్సరాంతమున మఱల వెళ్లి, కాపువాండ్రను బయటనే నిలిపి, తానొక్కతె లోపలి కేగి, మీ పిల్లలకు బడి పెట్టుకొందమా యని ఆ తల్లులను అడిగెను. మొదటి ప్రశ్న అదియే. మీరు పాపులని చెప్పలేదు. తల్లులు ఒప్పుకొని తమలోనుండియే ఉపాధ్యాయినిని ఎన్నుకొనిరి. ఎన్నికైన మేరీ కానర్ అను యువతి గడియారము దొంగిలించిన నేరముపై వచ్చినది.

1817 ఏప్రిలులో ఫ్రై మఱికొందఱు స్త్రీలను జేర్చి యొక సంఘము కట్టినది. అప్పుడు జరిగిన ఒక సభ నాకు ఈ చరిత్ర యంతటిలోను మిక్కిలి విలువైనదిగా తోచుచున్నది. ఖైదీ స్త్రీలనందఱను కూర్చుండబెట్టి, నియమములను ఒక్కొక్కటిగా చదివి, సమ్మతించినవారు చేయెత్తుడని అడిగిరి. ప్రతి నియమమునకును చేతులు లేచినవట. బిచ్చమెత్తరాదు, తిట్టరాదు, జూదమాడరాదు, పేకాటాడరాదు, కలహింపరాదు. పండ్రెండుగురికి మించని జట్టుకొక పెద్ద. ఉదయము 9 గంటలకు గంట మ్రోగగానే కుట్టుపని, అల్లికపని. సాయంకాలము 6 గంటలకు మఱల గంట. చేతులు ముఖము కడిగికొనిరో లేదో జట్టుపెద్ద చూడవలెను. ఆ నిషిద్ధములలో నవలలును నాటకములును కూడ నున్నవి. మన గ్రంథాలయములో నవలలకే యెక్కువ గిరాకి గనుక, ఈ నియమము మన పాఠకులకు నచ్చదు. నాకును నచ్చలేదు.

కాని చూడుడు: వారు చెఱలో నున్నవారు. గోడ దాటి పోజాలరు. చేయెత్తకున్నను నియమము వచ్చి తీరును. అయినను అడిగిరి. తన్ను అడిగి పెట్టిన కట్టుబాటునకు మనిషి లొంగుట వేఱు, నెత్తిన పడిన కట్టుబాటునకు లొంగుట వేఱు. మన ఊరి పంటకాలువ వంతులలో ఈ భేదము నేను ఏటేట చూచుచునే యున్నాను. న్యూగేటు స్త్రీలు కొలది నెలలలో మారిరని చూడ వచ్చిన నగరాధికారులే ఒప్పుకొనిరి. 1818లో ఫ్రై పార్లమెంటు ఉపసంఘము నెదుట సాక్ష్యమిచ్చెను. 1823 నాటి చెఱసాలల చట్టములో స్త్రీ ఖైదీలను స్త్రీలే కాపాడవలెనను నియమము చేరినది.

మన దేశమునకు వత్తము. 1894వ సంవత్సరపు 9వ నంబరు చట్టము, అనగా ప్రిజన్సు చట్టము, నూఱేండ్లకు పైగా మన కారాగారముల నేలినది. అందు సెక్షనులు 62. నేను దానిని రెండుమారులు చదివితిని. శిస్తు చట్టములకు అలవాటుపడిన కన్నులకు అది కష్టమైన చదువు కాదు. 27వ సెక్షను, స్త్రీ ఖైదీలను వేఱు భవనములో గాని, అదే భవనములో వేఱు భాగమున గాని ఉంచి, మగ ఖైదీలు వారిని చూచుటకును మాటలాడుటకును వీలు లేకుండ చేయవలెనని విధించుచున్నది. 24వ సెక్షను ప్రకారము లోపలికి వచ్చు స్త్రీని సోదా చేయవలసినది మేట్రను. 35వ సెక్షను ప్రకారము దినమునకు 9 గంటలకు మించి పని చేయింపరాదు. 46వ సెక్షనులో శిక్షల పట్టికయంతయు చెప్పి, స్త్రీలకు సంకెళ్లును, కొరడా దెబ్బలును వర్తింపవని మినహాయించినది. ఇంతే. ప్రసవమెట్లు, నెలసరియెట్లు, చంటిబిడ్డ పాలెట్లు అను ప్రశ్నలకు ఆ చట్టములో తావు లేదు. దాచుటను గూర్చి శ్రద్ధ కలదు, పోషణను గూర్చి లేదు.

ఈ గోడల లోపలికి మన తెలుగు గృహిణులు గుంపులుగా నడచిన కాలము 1930. అంతకు ముందే 1922లో, సహాయనిరాకరణోద్యమములో, ద్రాక్షారామపు ఆడపడుచు దువ్వూరి సుబ్బమ్మగారు ఏడాది శిక్ష ననుభవించిరి. ఉప్పు సత్యాగ్రహముతో ఆ దారి వెడల్పయినది. మదరాసు రాజధానిలో రాయవేలూరు చెఱసాల స్త్రీల చెఱసాలగా పేరు పొందినది. వంటింటి గడప దాటి యెఱుగనివారు, మడి విడువనివారు, ఒకరి చేతి నీరు ఒకరు త్రాగనివారు అక్కడ వరుసలో నిలిచి, తమను తలలెక్కింపగా ఓర్చుకొనిరి.

ఆ సంవత్సరమే ఖైదీలను 'ఏ', 'బి', 'సి' అను మూడు తరగతులుగా విభజించు పద్ధతి వచ్చెను. 1929 సెప్టెంబరులో లాహోరు చెఱలో జతీంద్రనాథ్ దాస్ 63 దినములు నిరాహారుడై ప్రాణము విడిచిన పిమ్మట దేశములో చెలరేగిన కలవరమునకు ప్రభుత్వము చెప్పుకొన్న సమాధానమది. అయితే తరగతికి కొలమానము చేసిన పని కాదు, బ్రతికిన తీరు. చదువు, ఆస్తి, అలవాట్లు చూచి తరగతి నిచ్చెడివారు. ఒకే సముద్రతీరమున ఒకే గుప్పెడు ఉప్పు వండిన యిద్దఱు స్త్రీలలో నొకతెకు మంచము, వేఱొకతెకు చాప. కౌటిల్యుని మెట్లు మఱల కన్పట్టినవి.

దుర్గాబాయిగారు, తరువాతి కాలపు దేశ్‌ముఖ్‌గారు, 1909లో రాజమహేంద్రవరమున జన్మించిరి. 1930 మొదలు 1933 వఱకు మూడు పర్యాయములు శిక్ష ననుభవించిరి. రాయవేలూరులో ఆమె సాధారణ ఖైదీ స్త్రీలతో మాట కలిపి వారి కథలు వినిరి. ఏ నేరమునకు తాము వచ్చిరో, ఏ కాగితముపై వ్రేలిముద్ర వేసిరో కూడ తెలియని స్త్రీలు అక్కడ పలువురుండిరి. వారి పక్షమున మాటలాడగల యొక్క ప్లీడరైనను లేకపోయెను. న్యాయశాస్త్రము చదువవలెనను సంకల్పము ఆమెకు అక్కడనే కలిగినది. మదురలో ఒక యేడాది యేకాంతవాసము. ప్రక్క గదులలో మరణశిక్ష పడినవారు. ఆ రాత్రుల యఱపులు ఆమె నరములను క్రుంగదీసినవి. విడుదలయైన పిమ్మట రాజకీయములు విడిచి, మెట్రిక్యులేషను మొదలుకొని చదివి, 1942లో న్యాయవాదిపట్టము పొందిరి. నడుమ 1937లో ఆంధ్ర మహిళాసభను స్థాపించిరి. ఆ సభయు, ఆమె న్యాయవాదపు నల్లకోటును రెండును రాయవేలూరు బ్యారకులో మొలకెత్తినవని నేననుకొందును.

ఇప్పుడు మన ఊరి స్త్రీ సంగతి. ఆమె పేరు వ్రాయను. ఊరిలో అందఱకును తెలియును, బయటివారికి తెలియనక్కఱలేదు. గట్టు తగవులో బావగారి తలకు దెబ్బ తగిలిన కేసులో ఆమెను ముద్దాయిగా చేర్చిరి. విచారణ ఖైదీగా ఏడు నెలలు మహిళా కారాగారములో నుండెను. తరువాత కేసు కొట్టివేయబడినది.

నేనీ వ్యాసమునకై అడుగగా మా యింటి అరుగుపై కూర్చుండి ఆమె చెప్పిన మాటలివి. మొదటి దినమున గాజులు, ముక్కుపుడక, కొంగున ముడివేసిన 40 రూపాయలు తీసికొని పుస్తకములో వ్రాసి, ఒక పళ్లెము, ఒక గ్లాసు, ఒక దుప్పటి యిచ్చిరట. "తాళం వేసినందుకు ఏడవలేదు కర్ణంగారూ, పొయ్యి లేదని ఏడ్చాను" అన్నది. పదునాఱవ యేట నుండి తన చేతితో వండి, పదిమందికి పెట్టి, తాను కడపట తిన్న మనిషి. ఇక్కడ వరుసలో నిలిచి పళ్లెము చాచవలెను. మూడు దినములు ఆమెకు ముద్ద మ్రింగుడు పడలేదు. నాలుగవ దినమున ప్రక్క చాప ముసలామె, తన పళ్లెములోని కూరను ఆమె పళ్లెములో వేసి, నాకు వడ్డింపుమని తన పళ్లెము చాచినదట. అటుపై వారిద్దఱును ప్రతిదినము ఒకరికొకరు వడ్డించుకొనిరి. ఏ నియమావళిలోను లేని యేర్పాటిది.

రాత్రియెల్ల దీపము వెలుగుచునే యుండును. ఆమె మొదటి నెల కొంగు కన్నులపై కప్పుకొని పరుండెను. తెల్లవాఱకముందే తలుపు తీసి లెక్క. సాయంకాలము ప్రొద్దు వాలకముందే లోపలవేసి లెక్క. "గొడ్లను కూడా సాయంత్రం లెక్కపెడతాం గదండీ, వాటికి ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది" అని నవ్వినది. నీళ్లు వచ్చు వేళకు బట్టలుదుకుకొనుట, మంగళవారము తలంటు మానుకొనుట, ములాఖాతు దినమున తల దువ్వుకొని కూర్చుండుట, ఎవ్వరును రానిచో దువ్విన తల మఱల చెరుపుకొనుట, ఇవన్నియు ఆమె అలవరచుకొనెను. సంతకము పెట్టుట అక్కడనే నేర్చినది. ఒక టీచరమ్మ, ఆమెయు ఖైదీయే, పలకపై దిద్దించినదట. మేరీ కానర్ కథ నేను చెప్పగా, "అయితే అది పాత పద్ధతేనన్నమాట" అన్నది.

తిరిగి వచ్చిన తరువాత చాల కాలము ఆమె ఎవరింటి గుమ్మమువద్దనైనను ఆగి నిలుచుండెడిది. లోపలికి రమ్మనువఱకు అడుగు వేయదు. ఊరివారు వినయమనుకొనిరి.

ఆమెతో పాటు బ్యారకులో చంటిబిడ్డలతో నున్న తల్లులు ఇద్దఱుండిరి. ఈ బిడ్డల విషయములో మన రాష్ట్రము పేరనే నడచిన వ్యాజ్యమొకటి దేశమంతటికిని ప్రమాణమైనది. ఆర్. డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అను కేసులో సుప్రీముకోర్టు 2006 ఏప్రిలు 13వ తేదీన తీర్పు చెప్పినది. ఆఱేండ్లు నిండువఱకు బిడ్డ తల్లియొద్ద నుండవచ్చును. బిడ్డకు వేఱుగా ఆహారము, వైద్యము, ఆటపాటలకు చోటు ఉండవలెను. సాధ్యమైనంతవఱకు ప్రసవము బయటి ఆస్పత్రిలో జరుగవలెను. ఒకవేళ లోపలనే జరిగినచో జనన రిజిస్టరులో పుట్టిన చోటు చెఱసాల యని వ్రాయరాదు, ఆ ప్రాంతపు పేరు మాత్రమే వ్రాయవలెను. రిజిస్టర్లతో బ్రతుకు గడపిన నాకు ఈ చివరి మాట యొద్ద కన్ను చెమర్చినది. దేవకీదేవి బిడ్డకు చెఱలో పుట్టుటయే కీర్తియైనది. అందఱు తల్లుల బిడ్డలకును అట్లు కాదు గదా.

2010 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ స్త్రీ ఖైదీల కొఱకు 70 నియమములను ఆమోదించినది. బ్యాంకాక్ నియమములని వానికి పేరు. 1894 చట్టము మఱచిన నెలసరియు, గర్భమును, పాలిచ్చు తల్లియు వానిలో నున్నవి. 2023లో కేంద్ర ప్రభుత్వము పాత చట్టమునకు బదులుగా నమూనా చట్టమొకటి రచించి రాష్ట్రములకు పంపినది. 2024 అక్టోబరు 3న సుప్రీముకోర్టు, చెఱలో కులమును బట్టి పని పంచు నియమములు చెల్లవని కొట్టివేసినది. అంతవఱకును కొన్ని రాష్ట్రముల జైలు పుస్తకములలో ఊడ్చువారు ఫలానా, వండువారు ఫలానా యని అచ్చుపడియే యుండెనని తెలిసినప్పుడు నేను సిగ్గుపడితిని.

ఇక మిగిలినది జామీను మాట. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 437వ సెక్షనులోనే స్త్రీకి బెయిలు విషయములో ప్రత్యేకముగా వెసులుబాటు చూపబడినది. 1978లో మోతీరాం అను తాపీమేస్త్రి కేసులో జస్టిస్ కృష్ణయ్యరుగారు, బీదవానిని పది వేల రూపాయల జామీను అడుగుటయు, అన్న ఆస్తి వేఱొక జిల్లాలో నున్నదని త్రోసివేయుటయు అన్యాయమని గట్టిగా చెప్పిరి. చట్టము అంత స్పష్టముగా నున్నను మన ఊరి స్త్రీ ఏడు నెలలు ఎందుకున్నది?

ఆమెకు మొదట జామీను దొరకలేదు. ఐదవ నెలలో మేనమామ కొడుకు ముందుకు వచ్చెను. అతని భూమి ఉమ్మడి ఖాతాలో నున్నది. దానిలో అతని భాగమింత, దాని విలువ యింత యని లెక్కలు చూచి వ్రాసి పంపవలసినవాడను నేను. అది ఒక పూట పని. ఎదుటి పక్షమువారు ఊరిలో పెద్దలు. వారు నన్నేమియు అనలేదు. కాదనుటకు నాకు వ్రాతపూర్వకమైన కారణమును లేదు. పాత అడంగలు వెదకవలెనంటిని, సర్వే నంబరులో సందేహమున్నదంటిని. అట్లు 19 దినములు ఆ కాగితము నా బల్ల సొరుగులో నుండెను. ఆలోపల న్యాయస్థానమునకు సెలవులు వచ్చినవి. సెలవుల తరువాత వాయిదా పడినది.

ఈ సంగతి ఆమెకు తెలియదు. అరుగుపై కూర్చుండి పొయ్యి మాట చెప్పిన దినమున చెప్పవలెననుకొంటిని. నోరు రాలేదు. ఆమె ఇప్పుడు మన గ్రంథాలయమునకు శనివారములందు వచ్చుచున్నది, వ్రేలు పెట్టుకొని అక్షరము వెంబడి అక్షరముగా చదువుచున్నది. పుస్తకముల పద్దులో ఆమె సంతకము 11 చోట్ల ఉన్నది. ఈ సంచిక ప్రతి యొకటి చదువరుల బల్లపై ఉంచుదురని కార్యదర్శిగారు చెప్పిరి.